లెక్కకు అందని చందాదారులు

"డబ్బాలో ఆఖరి బన్ను ఏమైంది?" అని అడిగింది మలామా.

"ఆ విషయం పరిశీలనలో ఉంది," అన్నాడు కసుబా, టై ముడి సరిచేసుకుంటూ.

"అది చోలా బడికి పట్టుకెళ్ళాల్సిన బన్ను. మీ మీసాల మీద పొడి కనబడుతోంది."

"ధ్రువపడని వార్తల మీద వ్యాఖ్యానించడం మా విధానం కాదు, చోలా అమ్మా."

"మీ విధానం సంతకెళ్ళి ఇంకో బన్ను పట్టుకొస్తుందా?"

"నాన్నే తిన్నాడు, నేను చూశాను," అంది పదేళ్ళ చోలా, బూట్లు తొడుక్కుంటూ. ప్రత్యక్ష సాక్షి బయటపడేసరికి కసుబా కొంత మెత్తబడి, బన్ను తిన్న మాట వాస్తవమేననీ, అయితే మొత్తం తిన్నారన్న ప్రచారంలో నిజం లేదనీ, ఒక ముక్క వాళ్ళ నాయనమ్మకు ఇచ్చామనీ వివరణ ఇచ్చి, గుమ్మం దాటాడు.

అతను ముకుంబె పురపాలక సంఘంలో యాక్టింగ్ ప్రజాసంబంధాల అధికారి. ఆరేళ్ళ కిందట ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడు, అసలు మనిషి దొరికేదాకా నువ్వు చూసుకో అన్నారు. అసలు మనిషి దొరకలేదు. ఆరేళ్ళుగా కసుబా యాక్టింగ్ చేస్తూనే ఉన్నాడు. ఎంత బాగా చేస్తున్నాడంటే, ఇంటికొచ్చాక కూడా ఆపలేకపోతున్నాడు.

పేరు ముందున్న ఆ ఒక్క మాట రాలిపోతే గుట్ట మీద అధికారుల ఇల్లు వస్తుంది. ఆ ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉంది. భర్త హోదా మీద మలామాకి పెద్ద ఆశ లేదు. ఆ ట్యాంకు మీద మాత్రం ఉంది. ముకుంబెలో కుళాయి వారానికి రెండు రోజులు వస్తుంది. ఏ రెండు రోజులన్నది వచ్చాకే తెలుస్తుంది. ఆ ఆరేళ్ళలో ఆమె కుళాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న గంటలకు అంతు లేదు.

ఆ ఉదయమే పూజ్య మేయర్ చికొండె గారు రేడియోలో చారిత్రాత్మక ప్రకటన చేశారు. (మేయర్‌ని పూజ్య అనకుండా పిలిస్తే అక్కడ ఫైలు కదలదు.) "నేటి నుంచి ముకుంబెలో సమాచారం అందని పౌరుడంటూ ఉండడు! కుళాయి ఎప్పుడొస్తుందో కుళాయికంటే ముందు పౌరుడికి తెలుస్తుంది! ఈమెయిల్ ద్వారా!"

ఆ తర్వాత కసుబాని గదిలోకి పిలిచి అన్నారు. "నెలాఖరుకు నాలుగు వేలమంది చందాదారులు కావాలి. తెచ్చావా, నీ యాక్టింగ్ అన్న మాటని నా సొంత కలంతో కొట్టేస్తాను."

కసుబా సంతలో బల్ల వేశాడు. చర్చి ముందు వేశాడు. చందా ఉచితం కాబట్టి జనం ఎగబడ్డారు. నెల తిరక్కముందే నాలుగు వేల పన్నెండు ఫారాలు నిండాయి. ఎవరూ ఈమెయిల్ గడి ఖాళీగా వదల్లేదు. ప్రజల్లో ఇంత సాంకేతిక చైతన్యం ఉందని తనకే తెలియదని కసుబా పూజ్యుల వారికి నివేదించాడు.

మొదటి సంచిక ఎనిమిది పేజీలు వచ్చింది. ఒకటో పేజీలో పూజ్యుల వారి శుభాకాంక్షలు. రెండులో వారు సంతను పరిశీలించుట. మూడులో వారిని సంత పరిశీలించుట. అలా సాగి, ఎనిమిదో పేజీ అడుగున మూడు లైన్లలో, ఈ వారం కుళాయి మంగళవారం, శుక్రవారం వస్తుందని ఉంది. కసుబా దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కాడు.

మూడో రోజు పొద్దున్నే బెసా ఇంటికొచ్చింది. బస్టాండు దగ్గర బెసా బిజినెస్ సెంటర్ ఆవిడదే. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జెరాక్సు మిషను, వాటన్నిటికంటే గట్టిగా పనిచేసే నోరు.

"తమ్ముడూ, నీకూ నాకూ ఏమైనా పగా?"

"ఏమైందక్కా?"

"నాలుగు వేల ఉత్తరాలు! మొదటిది చదివాను. రెండోది చదివాను. మూడోది తెరిచేసరికి మేయర్ గారి మొహం మళ్ళీ నవ్వుతూ కనబడింది. భయమేసింది. అప్పటినుంచి కంప్యూటరు కదలదు, మెదలదు."

"అన్నీ నీకెందుకు వస్తాయి?"

"నాకు కాకపోతే ఎవరికొస్తాయి? ఈ ఊళ్ళో ఉద్యోగం దరఖాస్తు ఎవరు పంపుతారు? నేను. పరీక్ష ఫీజు ఎవరు కడతారు? నేను. జవాబొస్తే ప్రింటు తీసి తలుపుకి అంటించేది ఎవరు? మీ ఈమెయిల్ ఏంటయ్యా అంటే జనం ఏది రాస్తారు మరి? నాదే రాస్తారు!"

కసుబా లోపలికి వెళ్ళి ఫారాల కట్ట తెచ్చి విప్పాడు. చేతిరాతలు నాలుగు వేలు. చిరునామా ఒక్కటే. ఒక్కచోట మాత్రం వేరుగా ఉంది. అది పూజ్య మేయర్ గారి శ్రీమతిది.

"ఈయన ఉత్తరాన్ని కూడా ప్రింటు తీసి అంటించావా అక్కా?" అని అడిగింది మలామా.

"ఎనిమిది పేజీలకు అంత తలుపు నా దగ్గర లేదు తల్లీ. ఆఖరి మూడు లైన్లూ కత్తిరించి అంటించాను. నిన్నటినుంచి జనం ఒకటే రావడం."

"నేనూ అక్కడే చదివాను. చెప్పిన రోజే కుళాయి వచ్చింది," అంది మలామా. ఆరేళ్ళలో మొదటిసారి స్టూలు వెయ్యకుండా పీపాలన్నీ నింపుకుంది ఆమె.

ఊరంతటికీ సమాచారం చేరింది కదా అని కసుబా సంతోషపడబోయాడు. కానీ ఆఫీసు కంప్యూటరు తన సొంత నివేదిక తయారుచేసి అప్పటికే మేయర్ గారి బల్ల మీద పెట్టేసింది. అందుకున్న చిరునామాలు రెండు. తెరిచి చదివినది ఒకటి. 'ఇకపై పంపవద్దు' అని నొక్కినది ఒకటి.

"ఆ వద్దన్నది ఎవరు? ప్రతిపక్షమా?" అన్నారు పూజ్యుల వారు.

కసుబా నివేదికలో ఆ పేరు మీద వేలు పెట్టాడు. పూజ్యుల వారు పేరు చదువుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదువుకున్నారు.

"కానీ అయ్యగారూ, బెసా తలుపు మీద ఊరంతా..."

"తలుపు! పురపాలక సంఘం డిజిటల్ విప్లవం తలుపు మీద జరిగిందని సభలో చెప్పమంటావా?"

అందుకని రాజధాని లుసాకా నుంచి సలహాదారు సియామె గారిని రప్పించారు. ఆయన మెత్తటి బూట్లు వేసుకున్నాడు. ఏ ప్రశ్నకైనా చప్పుడు చెయ్యకుండా జవాబు చెప్పేవాడు.

"ఈమెయిల్ పాత పద్ధతి సార్. మనమే ఇంటింటికీ వెళ్ళి తలుపు కింద నుంచి ఉత్తరం తోసినట్టు. వెబ్ ఫీడ్ అలా కాదు. మన సమాచారం మన గుమ్మంలోనే ఉంటుంది. కావలసినవాడు తన ఫోనుకి ఒక్కసారి చెప్పుకుంటే చాలు, మనం కొత్తది పెట్టినప్పుడల్లా ఆ ఫోనే వచ్చి చూసి పోతుంది."

"చందాదారుల పేర్లు?"

"అక్కర్లేదు."

"ఎంతమంది చదివారో?"

"సరిగ్గా ఎవరూ చెప్పలేరు."

"ఎవరైనా వద్దనుకుంటే?"

"వాళ్ళ ఫోనులో వాళ్ళు తీసేసుకుంటారు. మనదాకా రాదు."

పూజ్యుల వారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే మా ఆవిడ..."

"మీకు ఎప్పటికీ తెలియదు సార్."

ఈమెయిల్‌లో చందాదారులు ఒకరు. ఫీడ్‌లో ఎంతమందో ఎవరూ చెప్పలేరు. ఎవరూ చెప్పలేనిది ఒకటికంటే ఎక్కువేనని ఒప్పుకోవడానికి పూజ్యుల వారికి లెక్కల మాస్టారు అవసరం లేకపోయింది. ఈమెయిల్ ఆ క్షణమే రద్దయింది. ఫీడ్ ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టారు.

రేడియో ప్రకటన కసుబాయే రాశాడు. "సోమవారం పది గంటలకు పురపాలక ఫీడ్ ప్రారంభం. పూర్తిగా ఉచితం. పేరు రాయించుకోనక్కర్లేదు. కావలసినవారు ఎవరైనా, ఎంతైనా తీసుకోవచ్చు."

ముకుంబెలో ఇంటింటా పెరట్లో యాభై బ్రాయిలర్ కోళ్ళయినా ఉంటాయి. ఫీడ్ అనే మాటకు ఆ ఊళ్ళో ఒకే ఒక్క అర్థం ఉంది.

సోమవారం తొమ్మిదింటికే పురపాలక భవనం ముందు మూడు వందలమంది ఆడవాళ్ళు ఖాళీ గోతాలతో బారులు తీరారు. కొందరు చక్రాల బండ్లు కూడా తెచ్చుకున్నారు. వరసలో మూడో మనిషి కసుబా తల్లి.

"అమ్మా, నువ్వెందుకొచ్చావు?"

"నీ ఆఫీసులో ఇస్తూ ఇంట్లో చెప్పవేం? పరాయివాళ్ళతో పాటు నిలబడాల్సొచ్చింది."

"ఇది ఆ ఫీడ్ కాదమ్మా. ఇది సమాచారం."

"సమాచారం తిని కోడి బరువెక్కుతుందా? జరుగు, వరస చెడగొట్టకు."

వెనకనుంచి ఒకామె కేకేసింది. "పిల్లలకా, పెద్దవాటికా?"

అప్పుడే కారు దిగిన పూజ్యుల వారు రెండు చేతులూ పైకెత్తారు. "అందరికీ! చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ!"

జనం కేరింతలు కొట్టారు. పూజ్యుల వారు కంప్యూటరుకి కట్టిన రిబ్బను కత్తిరించి, కసుబా చెవిలో అడిగారు. "ఎంతమంది?"

"మూడు వందల పన్నెండు, అయ్యగారూ. కాకపోతే వాళ్ళు..."

"మొదటి రోజే మూడు వందల పన్నెండు! రాసుకో."

కసుబా రాసుకున్నాడు. గోతాలతో సహా ఫొటో తీశారు. ఆ గోతాలు సమాచారం పట్ల ప్రజల ఆకలికి ప్రతీక అని కింద రాశారు. ఖాళీ గోతం మడిచి నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చిన మలామా అత్తగారు ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడలేదు.

ఫీడ్‌లో మొదటి వారం 'నీరే ప్రాణం' అన్న శీర్షికతో పూజ్యుల వారి ఉపన్యాసం వచ్చింది. రెండో వారం దాని రెండో భాగం వచ్చింది. ఈమెయిల్ రద్దయింది కాబట్టి బెసాకి ఏమీ రాలేదు. ఆమె తలుపు శుభ్రంగా ఉంది. మలామా మళ్ళీ స్టూలు తీసింది.

"ఈ వారం కుళాయి ఏ రోజో?" అని అడిగేది.

"ఫీడ్‌లో పెడతారు."

"ఎప్పుడు?"

"ఉపన్యాసం పూర్తయ్యాక. ఇంకా నాలుగు భాగాలున్నాయి. కొంచెం ఓపిక పట్టు చోలా అమ్మా, శుక్రవారం సభలో నా సంగతి తేలుతుంది. ఇప్పుడు నేను ఫీడ్‌ని ఒక్క మాటన్నా గుట్ట మీద ఇల్లు పోతుంది."

మలామా స్టూలు మీద పాత దిండు వేసుకుంది.

శుక్రవారం సభ చీకటి పడేదాకా సాగింది. మర్నాడు శనివారం మధ్యాహ్నం కరెంటు లేదు. మలామా బొగ్గుల కుంపటి మీద మొక్కజొన్న పిండితో న్షిమా గట్టిగా కెలికి ముద్దలు చేసింది. ఎండు చేపలు, వేరుశనగ పొడి వేసిన ఆకుకూర పళ్ళేల పక్కన పెట్టింది. చేతులు కడుక్కునే గిన్నెలో నీళ్ళు అడుగున రెండు వేళ్ళ లోతు ఉన్నాయి. అత్తగారు కడుక్కున్నాక, కసుబా కడుక్కున్నాక, చోలా దాకా వచ్చేసరికి అవి కూరలాగే ఉన్నాయి.

కసుబా ముద్ద తీసుకోకుండా గొంతు సవరించుకున్నాడు. ఇంట్లోవాళ్ళు ముగ్గురూ అతని మొహం చూశారు.

"నిన్నటి సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. పూజ్యుల వారు సొంత కలంతో కొట్టేశారు. సోమవారం నుంచి నేను అధికారిని. వట్టి అధికారిని."

అత్తగారు సంతోషం పట్టలేక నాలుక ఆడిస్తూ ఎగసి ఎగసి ఉలూలూ అని అరిచింది. రెండు వారాల తర్వాత కొడుకుతో ఆమె పలికిన మొదటి పలుకు అదే.

"గుట్ట మీద ఇల్లు?" అంది మలామా.

"తాళం చెవి ఇచ్చేశారు."

"ట్యాంకు?"

"పెద్దది. నేను ఎక్కి చూశాను." కసుబా చేప ముక్క తుంచుకున్నాడు. "రెండో తీర్మానం కూడా ఉంది. కరెంటు పోయినప్పుడల్లా ఫీడ్ కంప్యూటరు ఆగిపోతోంది. ఫీడ్ ఆగితే లెక్కకు అందనంతమంది నిరాశ పడతారని సియామె గారు చెప్పారు. అందుకని పంపు హౌసులో ఉన్న జెనరేటరుని నిన్న సాయంత్రమే విప్పి ఫీడ్ గదికి తెచ్చారు. ఇక ఫీడ్ ఒక్క నిమిషం కూడా ఆగదు."

మలామా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "కరెంటు రోజూ పోతుంది. జెనరేటరు లేకుండా పంపు ఎలా ఆడుతుంది?"

"ఆడదు," అన్నాడు కసుబా. అతని గొంతులో ఆరేళ్ళలో ఎన్నడూ లేని నిబ్బరం ఉంది. "అదే ఈ పొద్దున ఫీడ్‌లో పెట్టాం. ఉపన్యాసం కూడా ఆపి, మొదటి వార్తగా పెట్టాం. నీళ్ళు రావని పౌరులకు ఇంత సకాలంలో తెలియజేసిన పట్టణం దేశం మొత్తం మీద ఇంకొకటి లేదు."