గోడ మీది ఫార్మసిస్టు

ఫార్మసిస్టు లేకుండా మందుల షాపులో జ్వరం బిళ్ళ కూడా అమ్మకూడదన్నది శాసనం. నూజివీడు ఈ శాసనాన్ని ఎన్నడూ ధిక్కరించలేదు. ఊళ్లో ఏ మందుల షాపుకు వెళ్ళినా ఫార్మసిస్టు ఉంటాడు. ఫ్రేములో, అద్దం వెనకాల, లైసెన్సు పక్కన ఉంటాడు. (ఫోటోకు దండ లేదు కనుక విధుల్లో ఉన్నట్టే లెక్క.)

ఈ ఏర్పాటు మీద సవరమ్మకు మొన్నటిదాకా ఏ ఫిర్యాదూ లేదు. ఆవిడ భర్త సువర్ణరాజుకు విజయవాడలో గుండె వాల్వు మార్చారు. అప్పటినుంచీ రోజూ రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నాడు. ఈ వేసవిలో తోటలో కాయలు కోయిస్తూ నిచ్చెన మీంచి జారాడు. మోకాలు వాచింది. మెడికల్ షాపు యలమంద నొప్పి మాత్రలిచ్చాడు. నొప్పి తగ్గింది గానీ, పళ్ళు తోముకుంటుంటే చిగుళ్లలోంచి రక్తం. ఎక్కడా దెబ్బ తగలకుండానే చేతుల మీద కమిలిన మచ్చలు.

సవరమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసింది. తెలుగు కోసం ఒకటి నొక్కమన్నారు. నొక్కింది. తెలుగులో వేచి ఉండమన్నారు.

ఇక లాభం లేదని షాపుకు వెళ్ళింది.

"ఫార్మసిస్టుగారు ఉన్నారాండీ?"

"ఉన్నారుగా," అంటూ యలమంద బొటనవేలితో వెనక గోడ చూపించాడు.

"ఆయన్ని ఒక మాట అడగాలండీ."

యలమంద జాలిగా చూశాడు. ఫార్మసిస్టుతో మాట్లాడతానన్న కస్టమరు ఆ కౌంటరు ముందుకు రావడం అదే మొదలు. "ఏంటో నాకు చెప్పండమ్మా. పురుగుమందుల షాపు నడిపినప్పుడు తోటలు తోటలకే మందు చెప్పినోణ్ణి. మనిషెంత?"

చెప్పింది. అంతా విని, "వేడి చేసిందమ్మా," అని తేల్చాడు. చిగుళ్లకో పేస్టు, వేడికో పొడి, నీరసానికో టానిక్కు కౌంటరు మీద పెట్టాడు. సవరమ్మ వాటిని ముట్టుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఫ్రేములో పేరు చదివింది: మార్టిన్, బి.ఫార్మ్.

పక్క షాపులో అడిగింది. అక్కడి గోడ మీదున్న షీబా చింతలపూడిలో చీరల కొట్టు పెట్టుకుందట. దాని అవతలి షాపు గోడ మీదున్న క్రాంతి కుమార్ బ్యాంకులో క్లర్కట. మార్టిన్ ఒక్కడే అందుబాటులో ఉన్నాడు. జి. కొండూరు దగ్గర మామిడి యార్డులో కాయలు ఏరుతున్నాడట. సవరమ్మ ఆటో ఎక్కింది.

మార్టిన్ చేతులకంటిన సొన తుడుచుకుని, సవరమ్మ ఇచ్చిన రెండు మాత్రల అట్టలూ తిప్పి చూశాడు. మనిషి నిటారుగా లేచి నిలబడ్డాడు.

"ఈ నొప్పి మాత్ర ఎవరిచ్చారండీ?"

"నువ్వే బాబూ. బిల్లు మీద నీ పేరే ఉంది."

మార్టిన్ తల దించుకున్నాడు. గుండె మాత్రల అట్ట ఒక్కటే తిరిగిచ్చి, "నొప్పి మాత్ర ఇక వెయ్యకండమ్మా. రెండూ కలిస్తే రక్తం ఆగదు. గుండె మాత్ర మాత్రం మీ అంతట మీరు మానిపించొద్దు. ఫోన్లు పెట్టుకోకుండా ఇప్పుడే విజయవాడ తీసుకెళ్ళిపోండి," అన్నాడు.

"ఇంత తెలిసినవాడివి, షాపులో కూర్చోవేం బాబూ?"

"కొత్తలో కూర్చున్నానండీ. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వనన్నాను. యలమందగారు కొన్నాళ్ళు చూసి, మీకెందుకండీ శ్రమ, ఇంటి దగ్గరే ఉండండి, నెలనెలా పంపిస్తానన్నారు."

(రాకపోవడానికి జీతం ఇచ్చే ఉద్యోగం పట్నాల్లోనే ఉంటుందనుకోవడం పొరపాటు.)

ఆ సాయంత్రమే సువర్ణరాజును ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం అయ్యుండేదని డాక్టరు చెప్పాడు. భర్త కోలుకుని ఇంటికొచ్చాక సవరమ్మ ఔషధ విక్రయ క్రమశిక్షణ విభాగానికి ఫిర్యాదు పెట్టింది.

విభాగం చురుగ్గా కదిలింది. (ఆకస్మిక తనిఖీకి ఏ రోజు వీలవుతుందో యలమందను ఫోన్లో కనుక్కుంది.) అధికారి దత్తాత్రేయ షాపులో కూర్చుని సవరమ్మ చెప్పింది రాసుకున్నారు.

"నొప్పి మాత్ర ఆపమని ఎవరు చెప్పారమ్మా?"

"మార్టిన్ చెప్పాడండీ."

"ఎక్కడ?"

"మామిడి యార్డులోనండీ."

దత్తాత్రేయ పెన్ను ఆగింది. ఆయన ముఖంలో మొదటిసారిగా ఆందోళన కనిపించింది. "లైసెన్సు లేని ఆవరణలోనా?"

"మా ఆయన ప్రాణం నిలబెట్టాడండీ!"

"అది మా పరిధిలోకి రాదమ్మా."

అనుమతి లేని స్థలంలో రోగికి సలహా ఇచ్చినందుకు మార్టిన్‌కు అక్కడికక్కడే షోకాజ్ నోటీసు జారీ అయింది. స్వయంగా అందుకోవాలన్నది నిబంధన కనుక అతన్ని షాపుకు పిలిపించారు. మార్టిన్ వచ్చి, కౌంటరు వెనక నిలబడి సంతకం పెట్టాడు. దత్తాత్రేయ తలెత్తి అతన్ని చూసి, యలమంద షాపు మీద రాయాల్సిన నివేదికను కూడా అక్కడే ముగించారు: ‘తనిఖీ సమయంలో ఫార్మసిస్టు విధుల్లో ఉన్నారు.’