పెడల్ బోట్లలో కోర్సెయిర్లు

1984 జూలైలో న్యూజెర్సీలోని ఒక చెరువులో భీకర నౌకాయుద్ధం జరిగింది. చరిత్ర పుస్తకాల్లో లేదంటారా? ఆ పుస్తకాలు రాసినవాళ్ళు పిక్నిక్‌కి రాలేదు మరి.

చెరువుకి ఈ ఒడ్డున తెలుగు సంఘం. ఆ ఒడ్డున, దాన్నుంచి చీలిపోయిన అసలైన తెలుగు సంఘం. ఎందుకు చీలారో ఎవరికీ గుర్తులేదు గానీ, కోపం మాత్రం అందరూ భద్రంగా దాచుకున్నారు. ఈ ఒడ్డున పులిహోర వడ్డిస్తుంటే ఆ ఒడ్డునుంచి మటన్ బిర్యానీ వాసన వచ్చింది. ప్రెసిడెంట్ కొండల్ రావు గారు దాన్ని సంఘానికి జరిగిన అవమానంగా పరిగణించారు.

"పోయి గిన్నె ఎత్తుకొద్దాం," అన్నారు.

"దొంగతనం కాదాండీ?" అంది సెక్రటరీ నళిని.

హిస్టరీ ప్రొఫెసర్ జగన్మోహన్ గారు బల్లెక్కారు. "సోదర సోదరీమణులారా! నాలుగొందల ఏళ్ళ కిందట మధ్యధరా సముద్రంలో కోర్సెయిర్లు ఉండేవారు. ఊరికే ఓడలు కొట్టేవాడు దొంగ. పాలకుడి పర్మిషన్‌తో కొట్టేవాడు కోర్సెయిర్! వాళ్ళు తీరంలో ఊళ్ళమీద పడి మనుషుల్ని పట్టుకెళ్ళేవారు. డబ్బు కట్టి విడిపించే దిక్కులేని బందీలు కొందరు మతం మార్చుకుని, ఆ ఓడలకే కెప్టెన్లయ్యారు!"

తక్షణం జనరల్ బాడీ సమావేశమై, పర్మిషన్ ఇస్తూ తీర్మానం పాస్ చేసింది. దాంతో అది దొంగతనం కాకుండా సాంస్కృతిక కార్యక్రమం అయింది.

నౌకాదళం పెడల్ బోట్లలో బయలుదేరింది. ముందు బోటులో కొండల్ రావు గారు. ఆయన వెనక్కి చూడకుండా తొక్కి ఒడ్డు చేరేసరికి, వెనక దళం టీ పెట్టారని పిలిస్తే ఎప్పుడో తిరిగెళ్ళిపోయింది.

అటు ప్రెసిడెంట్ శ్యామ్‌సుందర్, కొండల్ రావు గారి ఒకప్పటి రూమ్మేటు, ఆయన్ని వాలీబాల్ నెట్‌లో చుట్టి మైకందుకున్నాడు. "మీ కొండల్ మా కస్టడీలో ఉన్నాడు! పులిహోర గిన్నె పంపండి, వదిలేస్తాం!"

పులిహోర బోటెక్కింది. కొండల్ రావు గారి గుండె పొంగింది. నడిచెరువులో బోటు ఆగింది. అందులోవాళ్ళు మూత తీశారు.

"ఒరేయ్, తింటున్నార్రా!" అన్నారాయన నెట్‌లోంచి.

"ఉప్పు చూస్తున్నారేమోలే," అన్నాడు శ్యామ్‌సుందర్.

గిన్నె అడుగుదాకా ఉప్పు చూసి వాళ్ళు వెనక్కి తిరిగారు. ఆ వెంటనే ఈ ఒడ్డు మైకులో ప్రకటన వినిపించింది: కుర్చీ ఖాళీ అయినందున జగన్మోహన్ గారిని ప్రెసిడెంట్‌గా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

కొండల్ రావు గారు నెట్‌లోనే ఇటు తిరిగారు.

"శ్యామ్, మీ సంఘంలో ఏదైనా పోస్టు ఖాళీ ఉందా?"

వైస్ ప్రెసిడెంట్ పదవి ఉంది. నెట్ విప్పారు, బిర్యానీ పెట్టారు, మైకిచ్చారు. ఆయన చెయ్యి తుడుచుకుని తెలుగువారి ఐక్యత గురించి గంటసేపు ప్రసంగించారు. మధ్యలో ఏడ్చారు కూడా.

రెండు ఒడ్లూ చప్పట్లతో దద్దరిల్లాయి. మీరూ ఆ రోజు అక్కడే ఉండి కొట్టారుగా! అటు చూస్తారేం?