మూకీ తాత డైలాగు

ఆ రోజు గోవర్ధన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. హైదరాబాద్ నుంచి వచ్చే మంజుల మేడమ్‌కు చాయ్ పోయాలి, అటక మీదున్న తాత రీలు డబ్బా ఆమె చేతిలో పెట్టాలి. అంతే. కాకపోతే ఇంటి పరువంతా ఆ డబ్బాలోనే ఉంది.

తాత రాజమల్లు వయసులో ఉండగా బొంబాయి మిల్లులో పనిచేస్తూ, ఒక సినిమాలో సిపాయి వేషం కట్టాడట. ఊరికి తిరిగొస్తూ ఆ సినిమా ముక్క కూడా తెచ్చుకున్నాడు. 'నా డైలాగుకు స్టూడియో దద్దరిల్లింది' అని బతికినన్నాళ్లూ చెప్పాడు. అప్పటివన్నీ మూకీలు, మాటలే వినిపించని సినిమాలు అని ఎవరో సారు తేల్చేసరికి సిరిసిల్లలో ఆ వాడకట్టంతా పడీ పడీ నవ్వింది. అప్పటినుంచి అది కోతలోళ్ల ఇల్లు. గోవర్ధన్ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే షెడ్డులో ఈనాటికీ అతన్ని 'ఏం కోతలోడా' అనే పిలుస్తారు. పాపం, అతను జీవితంలో ఒక్క కోతా కోయలేదు.

మంజుల పాత సినిమాలు వెతికి భద్రపరిచే మనిషి. "మూకీలు చాలావరకు పోయాయండీ. కొన్ని కాలిపోయాయి, కొన్నిటిని వెండి కోసం కరిగించేశారు. జానెడు ముక్క దొరికినా నాకు పండగే. జాగ్రత్త, ఆ కాలపు ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది" అని ఫోనులో చెప్పింది.

గోవర్ధన్ డబ్బా దించి మూత తీశాడు. లోపల తునికాకు కట్టలున్నాయి.

"దీంట్లున్న రీలేది?"

భార్య విజయ బీడీ చుట్టడం ఆపలేదు. "గా నల్ల రిబ్బనా? మొన్న మా అన్న తీస్కవోయిండు. మక్క చేన్ల చిలుకలు ఆగుతలేవట. గాలికి అది మెరుస్తుంటే పారిపోతయట. అటక మీది చెత్త తియ్యుమన్నది నువ్వే గదా!"

గోవర్ధన్ వెంటనే ముస్తాబాద్‌లో ఉన్న ఆ అన్నకు, కొమురెల్లికి, ఫోను కొట్టాడు.

"బావా, చేన్ల జల్ది రీలు తియ్యి!"

"రీలా? నేనా? సిగ్గయితది బావా."

"సిగ్గేంది! మేడమ్ వస్తున్నది, ముందుగాల తియ్యి!"

పట్నం మేడమ్ చూస్తుందంటే కాదనేదెట్లా? కొమురెల్లి పెళ్లిళ్లకు వేసుకునే అంగీ తొడిగి, కూతురు మనీషా చేతికి సెల్లిచ్చి, మక్క చేను నడుమ స్టెప్పులేశాడు. కాసేపటికి మళ్లీ ఫోను మోగింది.

"తీసినవా బావా?"

"తీసిన. మస్తుగ అచ్చింది."

"ఏమన్న చినిగిందా?"

"చంక కాడ జర్ర చినిగింది. కుట్టిస్త."

"కుట్టుడేంది! ఇప్పుడు ఏడున్నది?"

"మనీషా సెల్లుల పెట్టింది. ఊరంత చూస్తున్నది."

గోవర్ధన్‌కు చివరి మాటే వినిపించింది. "ఊరంత చూసుడేంది! ఎవ్వల చేతులనన్న బీడీ ఉంటే? భగ్గుమంటది బావా! చేనంత అంటుకుంటది!"

కొమురెల్లికీ చివరి మాటే వినిపించింది. "చేను అంటుకున్నదట!" అని లబోదిబోమన్నాడు. రీలు చూసి నవ్వుతున్న జనం బిందెలతో ఉరికారు. ఎవరో బోరు మోటరు వేసి పైపు పట్టారు. మంట ఎక్కడుందో కనబడలేదు కాబట్టి అన్నిచోట్లా తడిపారు.

గోవర్ధన్, మంజుల ఆటో దిగేసరికి మక్క చేను నాట్లేసే మడిలా ఉంది. కర్రకూ కర్రకూ మధ్య ఫిల్ము వేలాడుతోంది. మంజుల చెప్పులు విడిచి బురదలోకి దిగి, ఒక్కో ముక్కా వెలుతురుకు పెట్టి చూసింది. ఎండకు కొంత, నీళ్లకు కొంత, బొమ్మలన్నీ చెరిగిపోయాయి.

"ఇది కూడా పోయిందండీ" అంది.

గోవర్ధన్ గట్టు మీద కూలబడ్డాడు. "ఇగ మా తాత ఎప్పటికీ కోతలోడే" అని అందరి ముందే ఏడ్చేశాడు.

అప్పుడు మంజుల ఆఖరి కర్ర దగ్గర ఆగింది. కొమురెల్లి అక్కడ ఫిల్మును చుట్ల మీద చుట్లు వేసి ముడేశాడు. మెల్లగా విప్పితే లోపలి చుట్టులో జానెడు ముక్క పొడిగా ఉంది. భూతద్దం పెట్టి చూసి, "ఎవరో సిపాయి... నోరు బార్లా తెరిచాడు!" అంది.

గోవర్ధన్ లేచొచ్చి చూశాడు. చేటల్లాంటి చెవులు! అచ్చం తనవే. "తాత! గీన మా తాతనే!"

"మూకీలో మాట రికార్డు కాదంతే. నటించేవాళ్లు మాట్లాడేవాళ్లు. మీ తాతగారు డైలాగు చెప్పారు. గట్టిగానే చెప్పారు" అంది మంజుల, ఫిల్ము ముక్కను పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని.

గోవర్ధన్ కళ్లు తుడుచుకుని ఛాతీ విరిచాడు. భూతద్దం చేతులు మారింది. చూసినవాడల్లా తాతలా నోరు తెరిచి, ఆ నోట్లోంచి ఏ మాట వస్తుందోనని పెదాలాడించి చూసుకున్నాడు. బురద కాళ్లతో ఊరంతా నోళ్లు తెరుచుకుని నిలబడింది.

"ఇంతకు ఏమన్నడు?" అన్నారెవరో.

కొమురెల్లి తడిసిన అంగీ పిండుకున్నాడు. "చిలుకలకే ఎరుక. ఇది కట్టినంక ఒక్కటి గూడ చేన్ల వాలలే."