కప్పు కారనట్టు లెక్క

మానవజాతి తయారుచేసుకున్న పనిముట్లన్నిటిలోకీ గొప్పది డీమ్ అనే ఇంగ్లీషు క్రియ. ఉన్నదాన్ని లేనట్టుగా, లేనిదాన్ని ఉన్నట్టుగా పరిగణించి కింద సంతకం పెట్టడమే డీమ్ చెయ్యడం. (డీమ్డ్ యూనివర్సిటీలో పిల్లల్ని చేర్చినవారికి వేరే చెప్పక్కర్లేదు.) నాగలికి ఎడ్లు కావాలి. దీనికి కుర్చీ ఒక్కటి చాలు.

కోల్‌కతా వాట్‌గంజ్‌లో, మన ఉత్తరాంధ్ర నుంచి వలసపోయిన కార్పొరేషన్ ఊడ్చేవాళ్ళ క్వార్టర్సున్నాయి. అందులో ఉండే సింహాచలమ్మ, మంచం మీదే కప్పు కారుతోందని పైకప్పుల విభాగంలో అర్జీ పెట్టింది. నెల దాటిన అర్జీ పరిష్కారమైనట్టు డీమ్ అవుతుందని రూలు. నెల దాటింది. కప్పు బాగైపోయింది. వానకి మాత్రం ఆర్డరు కాపీ అందలేదు.

ఆమె మంచం జరిపి, బకెట్టు పెట్టుకుంది. డెంగీ దోమల తనిఖీవాళ్ళు వచ్చి బకెట్టు చూశారు. కారని కప్పు నుంచి నీళ్ళు రావు కనుక, అవి దొంగ కుళాయి నీళ్ళని డీమ్ చేశారు. దొంగ కుళాయి ఉంటే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వారం గడువిచ్చారు.

సింహాచలమ్మ పైకప్పుల హెడ్ గుమాస్తా కోదండం దగ్గరికి పోయింది. అతనూ ఆ క్వార్టర్సులో పుట్టినవాడే.

"ఏటిరా కోదండం, నా ఇంట్లో కుళాయేది? సూపించు."

"ఆఫీసులో సార్ అనాల పిన్నీ. కుళాయి లేదని నాకూ తెల్సు. ఉన్నట్టు లెక్క."

"మరి కప్పో?"

"కారతాదనీ తెల్సు. కారనట్టు లెక్క."

"మీయమ్మ డూటీకెల్తే ఆ మంచం మీదే కదరా తొంగున్నావు!"

కోదండం ఫైలు తిరగేశాడు. "ఆ సంగతి రికార్డులో లేదు పిన్నీ."

మర్నాడు, ఆమె రోజూ ఊడ్చే ఆ ఆఫీసు మెట్ల మీద తాగి పారేసిన మట్టి టీకప్పులు గుట్టగా అలాగే ఉన్నాయి. పెద్దాఫీసరు పరిమల్‌బాబు కేకేశాడు. సింహాచలమ్మ చీపురు గోడకానించి, తనకొచ్చిన బెంగాలీలో వినయంగా చెప్పింది: ఊడ్సీసినట్టు లెక్కెట్టుకో దాదా.

ఆఫీసంతా నవ్వింది. పరిమల్‌బాబూ నవ్వాడు. (నవ్వుతూనే కలం తీశాడు.) ఆ రోజు ఆమె పనికి రానట్టు, వారం గడువు ఆ సాయంత్రమే అయిపోయినట్టు డీమ్ చెయ్యడమైనది.

ఖాళీ క్వార్టరుకి ఇప్పుడు నోటీసుబోర్డులో ప్రకటన వేశారు: కప్పు బాగుచేసినది, కుళాయి లోపలే కలదు.