ఉచ్చుల బడికి యాప్‌లొచ్చాయి

ఒక పెద్ద అడవిలో పులికంటే ఉచ్చుకే అందరూ ఎక్కువ భయపడేవారు. పులి కడుపు నిండితే పడుకుంటుంది. ఉచ్చుకు కడుపు లేదు.

అందుకని అక్కడ పిల్లలకు ఉచ్చుల బడి పెట్టారు. పంతులమ్మ ఒక ముంగిస. పేరు నాగరత్నమ్మ. ముంగిసకు ఆ పేరేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ పిల్లల్ని వెదురు పొదల్లోకి తీసుకెళ్లి, పాత తాడు ముక్క వాసన చూపించి, "ఇది మనిషి చేతి వాసన. ముక్కుకు తగిలిందా, అడుగు వెనక్కి" అనేది. పాఠం అంతే. పిల్లలంతా సాయంత్రానికి క్షేమంగా ఇళ్లకు చేరేవారు.

బడి బాగా నడుస్తోంది కాబట్టి దాన్ని బాగుచేయాలని అడవి పంచాయతీకి తోచింది.

ఆ పని నక్క జంబుకరావుకు అప్పగించారు. అతను కొన్నాళ్లు పట్నం పక్క చెత్తకుప్పల దగ్గర ఉండి రావడంతో సాంకేతిక సలహాదారు అయ్యాడు. అందరి మెడల్లో తలో ఫోను వేలాడదీయించాడు. హాజరుకొక యాప్, పాఠానికొకటి, పాఠం చెబుతున్న ఫొటోకొకటి, ఆ ఫొటో చూశామని చెప్పడానికి ఇంకొకటి.

నాగరత్నమ్మ ఉత్సాహంగానే మొదలుపెట్టింది. కానీ కుందేలు పిల్ల తాడు వాసన చూడబోతుంటే, "కాస్త ఆగమ్మా, ఫొటో సరిగా రాలేదు" అనాల్సి వచ్చేది. పొదల్లో వెలుతురు చాలక ఫొటోలు నల్లగా వస్తున్నాయని బడిని గుట్ట మీదికి మార్చారు. గుట్ట మీద వెలుతురు బాగుంది. ఉచ్చులే లేవు.

ఒకరోజు ఆవిడ జంబుకరావు దగ్గరికి వెళ్లింది.

"రావుగారూ, కళ్లు మండుతున్నాయండీ. పిల్లల ముఖాలు చూసి ఎన్నాళ్లయిందో!"

"అలసట యాప్ ఉంది కదమ్మా. అందులో నమోదు చేయండి."

"చేశానండీ. అప్పట్నుంచి అలసట తగ్గిందా అని గంటగంటకీ అడుగుతోంది."

"చూశారా! మీవారు ఎప్పుడైనా అంత శ్రద్ధగా అడిగారా?"

నాగరత్నమ్మ ఆలోచించింది. అడగలేదు. తిరిగి గుట్టెక్కింది.

తర్వాత పాఠాలే వీడియోల్లోకి వెళ్లిపోయాయి. పిల్లలు వాటిని ముందుకు తోసేసి, చివరి ప్రశ్నలకు ఏదో ఒకటి నొక్కేవారు. జంబుకరావు కొడుకు బుజ్జిగాడికి అడవిలోకెల్లా మొదటి స్థానం వచ్చింది. పంచాయతీ ప్రెసిడెంటు ఏనుగుగారు వాడి మెడలో పతకం వేసి ఊరేగింపు తీయించారు.

ఊరేగింపు వెదురు పొదలు దాటుతుండగా, ముందు నడుస్తున్న బుజ్జిగాడి వెనక్కాలు ఉచ్చులో పడింది. లాక్కున్నకొద్దీ తాడు బిగిసింది.

"నాన్నోయ్!"

జంబుకరావు గబగబా ఆపద యాప్ తెరిచాడు. వరదా, మంటా, ఇతరమా అని అది అడిగింది. ఇతరం అని నొక్కితే వివరంగా రాయమంది. చుట్టూ ఉన్నవాళ్లు వీడియో తీస్తున్నారు.

"ఇటు తిరుగు బుజ్జీ, ముఖం కనబడటం లేదు" అంది నెమలి.

దూరంగా వేటకుక్కల అరుపు వినిపించింది.

నాగరత్నమ్మ ఒక్క దూకు దూకి తాడు కొరికింది. అది ప్లాస్టిక్ తాడు. ఆవిడ పళ్లకు లొంగలేదు. బుజ్జిగాడు ఆవిడ తోక పట్టుకుని వదలడం లేదు. ఆవిడ వెంటనే ఫోను తీసి, అడ్డొచ్చినవన్నీ మూసేసి, వాగు అవతలి పందికొక్కుకు ఫోన్ చేసింది.

"కొక్కన్నా, వెదురు పొదలకు రా. తాడు కొరకాలి."

"వస్తున్నానమ్మా."

ఆ యంత్రంతో మాట్లాడవచ్చునని అడవికి ఆ రోజే తెలిసింది.

కుక్కలు వచ్చేసరికి పొదలో తెగిన తాడూ, పతకమూ మిగిలాయి.

మర్నాడు పంచాయతీ కూర్చుంది.

"ఫోన్లో మాట్లాడటం ఉంచండి" అంది నాగరత్నమ్మ. "కొత్త రకం ఉచ్చు కనబడితే నలుగురికీ ఫొటో పంపడం ఉంచండి. రెండూ పనికొచ్చేవే. మిగతావి తీసేయండి. వాసన నేను చూపిస్తాను."

కుంటుతున్న కొడుకును పొదివి పట్టుకుని, "పంతులమ్మ చెప్పింది నిజం" అన్నాడు జంబుకరావు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నాగరత్నమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని పొదల వైపు బయల్దేరింది.

ఏనుగుగారు తొండంతో తల గోక్కున్నారు. "అది సరేనయ్యా, ఎవరెవరు ఏమేం తీసేశారో మనకెలా తెలుస్తుంది?"

జంబుకరావు కళ్లు తుడుచుకున్నాడు.

"దానికో చిన్న యాప్ ఉందండీ."

నీతి: బరువు దించుకోవాలనుకునేవాడు ముందుగా దించుకునే యాప్‌ను ఎక్కించుకోవాలి.