సేవ్ అయిన ఉపన్యాసం ఎటు పోయింది?

“మానుకోటల నేరం చేసినోనికి రెండే దారులు. ఒకటి జైలుకు, ఇంకోటి నా దగ్గరికి.”

డిటెక్టివ్ ముత్తయ్య తన గురించి ఇలా చెప్పుకునేవాడు. అప్పటిదాకా రెండో దారిన ఎవరూ రాలేదు.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బొగ్గు బావులు బందయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. కుమారస్వామి కంప్యూటర్ సెంటర్లో ఆపరేటర్‌గా చేసే లంబాడా తండా అమ్మాయి రుక్కి, సమ్మె శిబిరంలో చదవాల్సిన ఉపన్యాసాన్ని అక్కడివాళ్లు నోటితో చెబుతుంటే రెండుసార్లు టైపు చేసింది. రెండుసార్లూ తెరమీద ‘సేవ్ అయింది’ అని వచ్చింది. కరెంటు పోయి వచ్చాక చూస్తే ఫైలు ఖాళీ. తండా పిల్ల దాన్ని ఎవరికో అమ్ముకుని చెరిపేసిందని శిబిరంలో గుసగుసలు లేచాయి. సాయంత్రంలోగా సంగతి తేలకపోతే పని మానుకోమన్నాడు కుమారస్వామి.

సంగతి తేల్చడానికి ముత్తయ్య భూతద్దంతో వచ్చి, కీబోర్డు మీద రుక్కి వేలిముద్రలు దొరికాయని ప్రకటించాడు. రోజూ టైపు చేసేది తనేనని ఆమె అంటే, నేరస్థులంతా అలాగే అంటారన్నాడు. ఇంతలో పక్క కుర్చీలోని పురుగుమందుల ఏజెంటు కాస్త జరగమంటూ చివర ‘అండీ’ తగిలించాడు. కోస్తా గూఢచారి దొరికాడని ముత్తయ్య అతని కాలరు పట్టుకున్నాడు.

“నాది జనగామ అన్నా. గిట్ల మాట్లాడుమని మా కంపెనోళ్లే చెప్పిన్రు,” అన్నాడు ఏజెంటు దీనంగా.

ఇక ఉచ్చు పన్నడమే మార్గమని ముత్తయ్య రుక్కిని మళ్లీ టైపు చేయమని చెప్పి, తాను సెంటర్లోని ఫైళ్లన్నీ దాచే సర్వర్ ఉన్న బల్ల కింద నక్కాడు. ఆమె మూడోసారి సేవ్ చేసింది. అయిందని తెర చెప్పింది. ముత్తయ్య కాళ్లు చాపుకోబోయి వైరును తన్నాడు. సర్వర్ ఆగిపోయింది. తిరిగి ఆన్ చేస్తే ఉపన్యాసం లేదు.

రుక్కి యజమాని వైపు తిరిగింది. “సేవ్ అయిందన్నది గదా సార్. మరి ఏడికి పోయింది?”

కుమారస్వామి ఒప్పుకున్నాడు. “డిస్కుల రాసేదాక ఆగాల్నంటే మెషీన్లన్నీ స్లో అయితున్నయని… ముందుగల మెమరీల పెట్టుకొని, అయిందని చెప్పి, ఎనక తీరిగ్గ రాసుకునేటట్టు నేనే పెట్టిన.”

“నడుమల కరెంటు పోతే?”

“మెమరీల ఉన్నదంత పోతది.”

ముత్తయ్య బూజు దులుపుకుంటూ బయటికొచ్చి, వైరును కావాలనే తన్నానన్నాడు. కుమారస్వామి తల దించుకుని, పని మానొద్దని రుక్కిని బతిమాలాడు.

కానీ శిబిరంలో మైకు ఎదురుచూస్తోంది. మళ్లీ టైపు చేసే వ్యవధి లేదు. మూడుసార్లు కొట్టిన ఉపన్యాసం రుక్కికి అక్షరం పొల్లుపోకుండా వచ్చు. చేతిలో కాగితం లేకుండా వెళ్లి మైకు ముందు నిలబడింది. ఉపన్యాసమంతా కాగితం చూసి చదివినట్టే చెప్పింది. గుసగుసలాడినవాళ్లే ముందు చప్పట్లు కొట్టారు. చివర్లో ఆమె ఉపన్యాసంలో లేని రెండు మాటలు తన తండా భాషలో కలిపింది. వెనక కూర్చున్న తండా ఆడవాళ్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

అది రహస్య సంకేతమేమోనని ముత్తయ్య పక్కవాణ్ని మెల్లగా అడిగాడు.