లక్షో మైలు

ఆ రెండో శనివారం పొద్దున హనుమత్ప్రసాద్ పెట్టుకున్న పని ఒక్కటే: బండి మీటరు బాగుచేయించుకు రావడం. పదింటికి వెళ్ళి, పన్నెండుకల్లా వచ్చి, తలంటు పోసుకుని భోజనానికి కూర్చోవాలి. అసలే ఆ మనిషి ఒకచోట నిలవడు. గ్లాసుడు కాఫీ తాగేలోపు మూడుసార్లు వీధి గుమ్మం దాకా వెళ్ళివస్తాడు. ఇక ఆ రోజు సంగతి చెప్పేదేముంది, మూడింటికి మామగారు రామ్మోహనరావుగారు వస్తున్నారాయె.

బండి మామగారిది. ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన మోటారు సైకిలు. రాజమండ్రిలో పాతికేళ్ళు నడిపి, కూతురు హైమవతి కాపురానికొచ్చాక దాన్ని లారీలో ఎక్కించి పంపారు. బండి పంపారే గానీ కాగితాలు పంపలేదు. "లక్ష మైళ్ళు నిండి మీటరులో అయిదు సున్నాలు పడేనాడు నేనే వచ్చి నడుపుతాను. అప్పుడే మీ పేర సంతకం పెడతాను" అన్నారు. నెలనెలా కార్డు రాసేవారు. అమ్మాయి ఎలా ఉందని ఒక ముక్క, మీటరు ఎంతయిందని నాలుగు ముక్కలు. తొమ్మిదేళ్ళుగా శ్రీనగర్ కాలనీలో పాలవాడితో సహా అందరూ దాన్ని "మీ మామగారి బండి" అనే అంటుంటే హనుమత్ప్రసాద్‌కి ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడది తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై మైళ్ళ దగ్గర ఆగింది. మిగిలినవి పది. గండిపేట చెరువు దాకా వెళితే సరిగ్గా సరిపోతాయి. ఆ పదీ మామగారికే దక్కాలని హనుమత్ప్రసాద్ నెల రోజులుగా బండి ముట్టకుండా ఎర్రమంజిల్ ఆఫీసుకి నడిచే పోతున్నాడు. హైమవతి పొద్దున్నే లేచి గండిపేట గట్టు మీద తినడానికి పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది. అంతా బాగానే ఉంది గానీ, మీటరు అద్దం లోపల పొగ పట్టినట్టయి, అంకెలు వెలిసిపోయాయి. అరవై ఎనిమిదేళ్ళ కళ్ళకి సున్నాలు కనబడొద్దూ! అందుకని మీటరు ఊడదీశాడు. కింద కేబులు నట్టు బిగుసుకుపోయి ఎంతకీ రాకపోతే, దాన్ని కూడా తోకలా వేలాడేసుకుని అమీర్‌పేట వెళ్ళాడు.

అజ్మత్ అలీ గడియారాల కొట్టు అమీర్‌పేటలో తెలియనివాళ్ళు లేరు. గోడ నిండా గడియారాలే, ఏ రెండింటికీ పొత్తు లేదు. పరదా వెనక ఆయన భార్య వహీదా కుట్టుమిషను తొక్కుతూ ఉంటుంది. అజ్మత్ అలీ మీటరుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"ఫికర్ జేయకుండ్రి సార్, కొత్త పెండ్లికొడుకు లెక్క జేసి ఇస్త. జర చాయ్ తాగి రండి."

హనుమత్ప్రసాద్ నాలుగు చాయ్‌లు తాగాడు, పంజగుట్ట దాకా రెండుసార్లు నడిచొచ్చాడు. మూడోసారి వచ్చేసరికి మీటరు తయారు. నల్లటి పళ్ళెం మీద తెల్లటి అంకెలు, మధ్యన ఎర్రటి ముల్లు, తళతళలాడే అద్దం. చూసి మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే చూపు కిందికి జారింది. చిన్న కిటికీలో అయిదు సున్నాలు, వరసగా.

"భాయ్... ఇదేంటి?"

"సున్నా జేసిన సార్! బండ్లు అమ్మేటోళ్ళు మీటర్ తెస్తే మొదలు గదే అడుగుతరు. మీరు అడగకముందే జేసిన. మీరు మన మనిషి కదా!"

హనుమత్ప్రసాద్ పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆ స్టూలు మీద ఒక అలారం గడియారం ఉంది. అది గణగణా మోగింది. ఆ మోతలోనే మామగారి సున్నాల కథంతా చెప్పుకున్నాడు.

"విప్పి పాత నంబరు పెట్టెయ్యండి భాయ్, మీకు దణ్ణం పెడతాను."

అజ్మత్ అలీ గడ్డం గోక్కున్నాడు. "విప్పనీకి రాదు సార్. అద్దం చుట్టు రేకు మడిచేసిన. తీస్తే అద్దం పలుగుతది. గసొంటి అద్దం నా దగ్గర గదొక్కటే ఉండె."

పరదా పక్కకి జరిగింది. "అడగని పని జెయ్యకని ఇరవై ఏండ్ల సంది చెప్తున్న," అంది వహీదా. "మొన్న ఒకాయన గోడ గడియారం తుడువుమని ఇస్తే, గంట మోత సుత మార్చిండు. ఇంటోళ్ళు గుడి గంట అనుకొని చెప్పులిడిచిండ్రట. గా మీటర్ ఇటియ్యి."

ఆవిడకి మొగుడి కన్నా యంత్రం బాగా తెలుసు. బాబిన్‌కి దారం చుట్టే చిన్న చక్రం ఉంటుంది కదా, దానికి కేబులు తోకను గుడ్డ పీలికతో బిగించింది. "ఉల్టా తొక్కితే నంబరు ఎనుకకు పోతది. పది మైళ్ళే కదా, అన్నా, గంత పరేషాన్ ఎందుకు?" అంటూ మొదలుపెట్టింది.

నిజంగానే సున్నాలు పోయి తొమ్మిదులొచ్చాయి. హనుమత్ప్రసాద్‌కి ప్రాణం లేచొచ్చింది. వచ్చిన ప్రాణం ఊరికే ఉంటుందా, టైమెంతయిందోనని గోడ వైపు చూశాడు. ఒక గడియారం ఒంటిగంటంది, ఒకటి నాలుగంది, ఇంకొకటి ఏడుంబావంది. ఏది నిజమో తేల్చుకోవడానికి రోడ్డు మీదికి పరుగెత్తి, అలవాటు కొద్దీ మళ్ళీ పంజగుట్ట దాకా పోయాడు. ఇక్కడ వహీదా తొక్కుతూనే మొగుడి పాత తప్పులన్నీ పెళ్ళినాటి నుంచి వరసగా తీసింది. అజ్మత్ అలీ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. హనుమత్ప్రసాద్ తిరిగొచ్చి చూస్తే, చివరి రెండంకెలూ ముప్ఫై ఒకటి!

"అయ్యయ్యో! యాభై తొమ్మిది మైళ్ళు ఎక్కువ వెనక్కి పోయింది!"

"నా కాళ్ళు గుంజుతున్నయి," అని వహీదా లేచింది. "మీరు తొక్కుండ్రి. సీదా తొక్కాలె."

ఎరిగిన పనా అది? నాలుగుసార్లు తొక్కితే రెండుసార్లు వెనక్కి తిరిగేది. ప్యాంటు అంచు చక్రంలో పడి చిరిగింది. కాసేపటికి లయ చిక్కింది. ఎర్రముల్లు లేచి యాభై మైళ్ళ వేగం దగ్గర ఊగసాగింది. కుట్టుమిషను యాభైలో పోతోందంటే జనం ఊరుకుంటారా? కొట్టు ముందు గుంపు కట్టారు. వాళ్ళని చెదరగొట్టడానికి వచ్చిన కానిస్టేబులు రాజనర్సయ్య తనే అందరికన్నా ముందు నిలబడి, "యాభై మూడు... యాభై నాలుగు..." అని చిన్న కిటికీలోని మైళ్ళు చదవడం మొదలుపెట్టాడు.

ఆ గుంపులో కూరగాయల సంచితో చిలకమ్మ ఉంది. హైమవతి ఇంట్లో బట్టలుతికే మనిషి. ఆమె కాలనీకి చేరేసరికి రామ్మోహనరావుగారు అప్పుడే ఆటో దిగుతున్నారు.

"అమ్మా, అయ్య అమీర్‌పేటల గడియారాల కొట్ల కుట్టుమిషన్ తొక్కుతుండు! చెమటలు కారుతున్నయి, ప్యాంటు చినిగింది. పోలీసాయన పక్కన నిలబడి లెక్కవెడ్తుండు!"

హైమవతి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "అందుకే నాన్నా, నెల రోజులుగా ఆఫీసుకి నడిచి పోతున్నది! ఉద్యోగం ఎప్పుడో పోయుంటుంది. నాకు చెప్పకుండా బట్టలు కుట్టి సంసారం నెట్టుకొస్తున్నారు!"

వచ్చిన ఆటోలోనే ఇద్దరూ బయల్దేరారు. పులిహోర గిన్నె ఎందుకో ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

"తొంభై! ఆపుండ్రి!" అని రాజనర్సయ్య అరిచాడు. హనుమత్ప్రసాద్ ఆపాడు. జనం చప్పట్లు కొట్టారు. హనుమత్ప్రసాద్ తన చొక్కా కొసతో మొహం తుడుచుకుని, ఇక ఎవరికీ తెలియకుండా ఇల్లు చేరడమే తరువాయి అని తలెత్తితే, ఎదురుగా మామగారు, భార్య.

"ఏవండీ, ఉద్యోగం పోతే నాకు చెప్పకూడదూ!" అని హైమవతి ఘొల్లుమంది.

"ఉద్యోగమేంటే! ఎవరు చెప్పారు?"

"అయితే పోలీసెందుకు?"

ఇక చెప్పక తప్పలేదు. సున్నా పడింది, వెనక్కి పోయింది, మళ్ళీ ముందుకొచ్చింది, అంతా తలొంచుకుని చెప్పేశాడు. "మీ సున్నాలు నేను లేనప్పుడే ఒకసారి పడిపోయాయి మామయ్యగారూ. కాగితాలు వెనక్కి తీసుకెళ్ళండి."

రామ్మోహనరావుగారు మీటరు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. తర్వాత స్టూలు చూశారు, మిషను చూశారు.

"అల్లుడుగారూ, ఒక మాట. ఆరు నెలలైంది, బండెక్కితే నడుం పడిపోతుందని డాక్టరు ఒట్టు వేయించుకున్నాడు. ఇన్నేళ్ళూ చెప్పింది చెప్పి, ఇప్పుడు కాదనడానికి నామోషీ. గండిపేట ఎలా తప్పించుకోవాలా అని రాత్రంతా రైల్లో కన్ను మూయలేదు. కాళ్ళు మాత్రం బాగా ఆడించమన్నాడాయన." పంచె ఎగ్గట్టారు. "కాస్త జరగండి."

కూర్చుని తొక్కారు చూడండీ, ముల్లు అరవైకి ఎగిరింది! అజ్మత్ అలీ పక్కన నిలబడి ఊళ్ళు చెప్పాడు. "మాసబ్ ట్యాంక్ వచ్చింది సాబ్... మెహదీపట్నం... లంగర్‌హౌస్..."

"పెద్దాయనా, జర మెల్లగ," అని రాజనర్సయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊరి నడుమల గింత స్పీడా!"

గండిపేట వచ్చేసరికి అయిదు సున్నాలూ ఒక్కసారిగా తిరిగాయి. రామ్మోహనరావుగారు వహీదా కత్తిరింపుల బల్ల మీదే కాగితాలు పరిచి సంతకం పెట్టారు. హైమవతి అందరికీ పులిహోర పంచింది, రాజనర్సయ్య రెండుసార్లు పెట్టించుకున్నాడు.

లక్షో మైలు పూర్తయిన ఆ నిమిషాన హనుమత్ప్రసాద్ బండి శ్రీనగర్ కాలనీ వరండాలో, చిలకమ్మ ఆరేసిన తడి దుప్పటి కింద, స్టాండు మీద నిలబడి ఉంది.